బోర్డు దిగిన అక్షరాలు

దుకాణం ఎత్తేసేటప్పుడు ముందు సరుకు పోతుంది. తర్వాత బీరువాలు, గల్లాపెట్టె, ఫ్యాన్లు పోతాయి. అన్నీ అయ్యాక ఎవరో నిచ్చెన వేసి బోర్డు దించుతారు. దించిన బోర్డును ఇంటికి తీసుకుపోయేవాళ్ళు అరుదు. ఇనుముదైతే ఇనుము ధరకు, రేకుదైతే రేకు ధరకు, కొయ్యదైతే పొయ్యిలోకి. ముప్ఫై ఏళ్ళు ఎండకీ వానకీ నిలబడి ఒకరి పేరును వీధికి చదివి వినిపించిన అక్షరాలు చివరికి కిలోల లెక్కలో కలిసిపోతాయి. ఆ తూకం దగ్గర వాటిని ఆపి, పక్కకు తీసి, వాటితో ఇంకో మాట కూర్చినవాళ్ళున్నారు. వాళ్ళ పని నాకు చాలా ఇష్టం. ఎందుకిష్టమో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

వాళ్ళలో ముందుగా చెప్పుకోవలసినవాడు జాక్ పియర్సన్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ప్లిమత్‌లో 1960లో పుట్టాడు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి 1984లో బయటికొచ్చాడు. నాన్ గోల్డిన్, డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్, మార్క్ మోరిస్రో వంటి ఫొటోగ్రాఫర్లతో కలిపి ఆయన్ను బోస్టన్ స్కూల్ అంటారు. తమ స్నేహితులను, తమ గదులను, తమ ప్రేమలను దాపరికం లేకుండా ఫొటోలు తీసిన బృందం అది. పియర్సన్ ఫొటోలూ తీస్తాడు, బొమ్మలూ గీస్తాడు. కానీ 1991 నుంచి చేస్తూ వస్తున్న మాటల శిల్పాలే ఆయన్ను లోకానికి దగ్గర చేశాయి.

పద్ధతి చెప్పడానికి చాలా చిన్నది. పాత సామాన్ల కొట్లు, మూతపడ్డ సినిమాహాళ్ళు, రోడ్డు పక్క హోటళ్ళు, లాస్ వేగాస్ జూదశాలలు - వీటి బోర్డుల నుంచి ఊడిన అక్షరాలు పోగుచేస్తాడు. వాటిలోంచి ఏరి ఒక మాట కూరుస్తాడు. తుప్పు తుప్పుగానే, పెచ్చులు పెచ్చులుగానే గోడకు ఎక్కుతాయి. ఏ రెండక్షరాలకూ పొత్తు కుదరదు. ఒకటి నిలువెత్తు రేకుది, దాని పక్కది జానెడు ప్లాస్టిక్‌ది, మూడోది ఎర్ర ఎనామెల్ ఊడి ఇనుము కనిపిస్తున్నది, నాలుగోది ఒకప్పుడు బల్బులు బిగించిన గుంటలు ఖాళీగా మిగిలినది. పెళ్ళిలో గ్రూపు ఫొటోకు నిలబడ్డ చుట్టాల్లాగా పొట్టీ పొడుగూ, కొత్తబట్టా పాతబట్టా అన్నీ ఒక వరసలో నిలబడి ఉంటాయి.

చదవడం వచ్చిన కంటికి చదవకుండా ఉండటం చేతకాదు. అందుకని ముందు మాటే కనబడుతుంది. చదివేశాం, అయిపోయింది అనుకునేలోపు కన్ను వెనక్కి వెళ్ళి ఒక్కొక్క అక్షరాన్నీ విడిగా చూడటం మొదలుపెడుతుంది. ఇది ఏ ఊళ్ళో ఉండేది? ఏం అమ్మేది? చెప్పుల దుకాణమా, మందుల దుకాణమా, మోటెలా? ఆ దుకాణం పేరులో ఇది మొదటి అక్షరమా, చివరిదా? మాట ఒక్కటే, దాన్ని పలికే గొంతులు మాత్రం నాలుగైదు. ఆ గొంతుల్లో ఏదీ ఈ మాట పలకడానికి పుట్టలేదు.

బోర్డులు చేసేవాళ్ళకు ఒక పాత లెక్క ఉంది. అక్షరం ఒక అంగుళం ఎత్తుంటే పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. అంటే మూడడుగుల అక్షరం మూడొందల అరవై అడుగుల అవతల కారులో పోతున్న మనిషి కోసం తయారైంది. ఆ మనిషికి ఆ అక్షరంతో పని రెండు మూడు క్షణాలే. బ్రేకు వేశాడా సరే, లేదా అక్షరం ఓడిపోయినట్టే. అంత దూరానికి అరవడానికి పుట్టిన అక్షరాన్ని తెచ్చి గదిలో పెడితే, మనం దాని ముందు ఆరడుగుల దూరంలో నిలబడతాం. అది ఇప్పుడు అమ్మకానికి ఏమీ లేని ఒక మాట చెబుతుంది. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునే మాటను అంత పెద్ద గొంతుతో పలికితే ఎలా ఉంటుందో ఆ గదిలో తెలుస్తుంది. పియర్సన్ శిల్పాల బలమంతా నాకు ఇక్కడే ఉన్నట్టనిపిస్తుంది.

ఆయన తొలినాళ్ళ పనుల్లో ఒకటి 1991 నాటిది, పేరు 'స్టే'. ఉండిపో అని. నాలుగక్షరాలు. ఎవరు ఎవరితో అంటున్నారో లేదు. ఎక్కడుండాలో లేదు. ఆ మాటను ఆ సంవత్సరంతో కలిపి చూడండి. ఆయన తోటివాడు మార్క్ మోరిస్రో 1989లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్ళు. ఆ రోజుల్లో న్యూయార్క్, బోస్టన్ నగరాల్లో కళాకారుల బృందాలకు బృందాలే పలచబడిపోయాయి. నయం చేసే మందు లేదు, ఆస్పత్రిలో పక్కన కూర్చునేందుకు చాలామందికి అయినవాళ్ళు రాలేదు. ఆ కాలంలో ఒక మనిషి మూతపడ్డ దుకాణాల అక్షరాలతో ఉండిపో అని గోడ మీద రాశాడు. ఆయన దాన్ని ఏ ఒక్కరి కోసం రాశాడని నేను చెప్పను. కానీ ఆ అక్షరాలకు ఉండిపోవడం అంటే ఏమిటో తెలుసు. అవి దుకాణం పోయాక కూడా ఉండిపోయినవి. ఆ మాట పలికే అర్హత వాటికి ఉంది. కొత్తగా పోతపోసిన అక్షరాలతో అదే మాట రాస్తే నన్నది తాకేది కాదు.

1996లో చేసిన ఇంకొకటి ఇప్పుడు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఉంది. డిజైర్, డిస్పెయిర్ అనే రెండు మాటలు. కోరిక, నిరాశ. ఇంగ్లీషులో రెండింటికీ మొదటి మూడక్షరాలు ఒకటే. లోహం, ప్లాస్టిక్, ప్లెక్సీగ్లాస్, కొయ్య - నాలుగు రకాల వస్తువులతో తయారైన అక్షరాలు అందులో ఉన్నాయి. కోరిక పుట్టించడమే పనిగా ఉన్న బోర్డుల నుంచి అక్షరాలు తీసి, కోరికనూ దాని పక్కనే నిరాశనూ రాయడం ఒక తీర్పులాంటిది. అమెరికా వ్యాపారం గురించి పెద్ద గ్రంథాలు చెప్పే సంగతిని ఆ గోడ రెండు మాటల్లో చెప్పేస్తుంది.

ఆ రోజుల్లో న్యూయార్క్‌లో బోర్డులు దిగడం అనేది పెద్ద ఎత్తున జరుగుతూ ఉండేది. టైమ్స్ స్క్వేర్ పక్కన 42వ వీధిలో పాత సినిమాహాళ్ళు, చిల్లర దుకాణాలు, బూతు సినిమాల కొట్లు వరసగా ఉండేవి. 1990 నుంచి ప్రభుత్వం ఆ స్థలాలను స్వాధీనం చేసుకుని ఖాళీ చేయించింది. వీధి మళ్ళీ కట్టుకునేలోపు హాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు, 1993లో కళాకారులకు ఆ వీధిని అప్పగించారు. జెన్నీ హోల్జర్ అనే కళాకారిణి సినిమా పేర్లు పెట్టే చోట తన వాక్యాలు పెట్టింది. హీరోల పేర్లు ఉండాల్సిన చోట మనిషిని నిలదీసే మాటలు. ఆ హాళ్ళ ముందు నుంచి రోజూ నడిచిపోయే జనం తలెత్తి చదివారు. ఆ వీధి తర్వాత బాగుపడింది, శుభ్రమైంది, బొమ్మల కంపెనీలూ పెద్ద నాటకశాలలూ వచ్చాయి. పాత అక్షరాలు మాత్రం తిరిగి రాలేదు.

ఈ పనికి ఒక పూర్వీకుడున్నాడు. జర్మనీలో హానోవర్ నగరంలో కుర్ట్ ష్విట్టర్స్. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయి దేశం చిత్తుకాగితాలుగా మిగిలిన రోజుల్లో, 1919లో, ఆయన ట్రామ్ టికెట్లు, చాక్లెట్ కాగితాలు, తీగముక్కలు, విరిగిన కర్రలు అతికి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఒక బొమ్మలో అతికిన ప్రకటన ముక్క మీద ఒక బ్యాంకు పేరులోంచి తెగి మిగిలిన నాలుగక్షరాలు కనిపించాయి: మెర్జ్. వాణిజ్యం అనే మాటకు తోక మాత్రం మిగిలింది. ఆ తోకనే తన కళంతటికీ పేరుగా పెట్టుకున్నాడు. అంతకుముందే, 1912 ప్రాంతంలో, పారిస్‌లో పికాసో, బ్రాక్ పత్రికల పేర్లను కత్తిరించి తమ చిత్రాల్లో పెట్టారు. కానీ వాళ్ళకు ఆ కాగితం ఒక ఆకారం, ఒక చమత్కారం. ష్విట్టర్స్‌కు అది ఆస్తి. ఉన్నదంతా విరిగిపోయిన తర్వాత ముక్కలతో మళ్ళీ కట్టుకోవాలి అన్న పట్టుదల ఆయనది. నేను పియర్సన్‌ను ష్విట్టర్స్ ఇంటివాడిగానే చూస్తాను.

బ్రూస్ నౌమన్‌ను కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన స్టూడియో ఒకప్పటి కిరాణా కొట్టు. కిటికీలో పాత బీరు నియాన్ బోర్డు ఒకటి మిగిలిపోయి ఉంది. దాన్ని చూసే ఆయనకు కళాకారుడి పని ఏమిటో నియాన్ వెలుగులోనే చెప్పాలన్న ఆలోచన వచ్చింది. ఆయన పాత అక్షరాలు వాడలేదు, కొత్తగా గాజుగొట్టం వంచి చేయించాడు. కానీ ఆ ఆలోచన పుట్టించింది మూతపడ్డ కొట్టు వదిలిపోయిన వెలుగే.

దీనికి ఎదురుగా రాబర్ట్ ఇండియానా చేసిన 'లవ్' ఉంది. 1965లో న్యూయార్క్ మోమా మ్యూజియం క్రిస్మస్ కార్డు మీద వచ్చి, 1970లో ఉక్కు శిల్పమైంది. నాలుగక్షరాలు రెండు వరసల్లో, ఓ అక్షరం కాస్త వాలి. అందరికీ తెలిసిన శిల్పం. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి ఊళ్ళోనూ బీచి ఒడ్డునో చెరువు గట్టునో ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో నిలబెట్టి, మధ్యలో ఎర్ర హృదయం పెట్టి, జనాన్ని సెల్ఫీలు దిగమంటున్న శిల్పాలన్నీ ఆ వంశానివే. మన ఊళ్ళలోనూ ఉన్నాయి. పిల్లలు అక్షరాల మీద ఎక్కి దిగుతారు, బాగానే ఉంటుంది. కానీ ఆ అక్షరాలు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చినవి. ఆ ఊళ్ళో అవి ఎవరికీ పనిచేయలేదు. ఆ ఊరు వాటికి ఇంకా తెలియదు.

పనిచేసిన అక్షరాన్ని దగ్గరగా చూస్తే ఎంతుంటుందో చెప్పనివ్వండి. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మంచి బోర్డులకు పింగాణీ ఎనామెల్ వేసేవారు. గాజును పొడిచేసి ఉక్కురేకు మీద పరిచి, దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో కాలిస్తే గాజు కరిగి రేకుకు అతుక్కుంటుంది. ఆ రంగు యాభై ఏళ్ళయినా వెలవదు. దెబ్బ తగిలిన చోట మాత్రం పెచ్చు లేచిపోయి ఇనుము బయటపడుతుంది, తుప్పు అక్కడ మొదలై చుట్టూ గోధుమరంగు మచ్చగా పాకుతుంది. ఎనామెల్ అక్షరం మీద ఆ మచ్చలు సాధారణంగా మూలల్లోనూ మేకుల చుట్టూనూ ఉంటాయి. దించేటప్పుడు సుత్తి తగిలిందో, గాలివానలో కొమ్మ తగిలిందో ఆ మచ్చే చెబుతుంది. ఆ కాలంలోనే నియాన్ కూడా వచ్చింది. 1910లో పారిస్ మోటార్ ప్రదర్శనలో జార్జ్ క్లోద్ చూపించిన వెలుగు అది. నియాన్ వాయువు ఒక్కటే ఉంటే ఎర్ర నారింజ, ఆర్గాన్‌లో పాదరసం కలిపితే నీలం. మంట మీద గాజుగొట్టాన్ని వేడిచేసి, ఒక చివర నోటితో ఊదుతూ, చల్లారేలోపు వంచాలి. ఏ అక్షరానికి ఎక్కడ వంపు తిప్పాలో చేతికి తెలిసి ఉండాలి. నియాన్ అక్షరం వెనక్కి తిప్పి చూడండి: గొట్టం అక్షరానికీ అక్షరానికీ మధ్య నల్లరంగు పూసుకుని దాక్కుని సాగుతుంది. ముందు నుంచి విడివిడిగా కనిపించే అక్షరాలు వెనక నుంచి ఒకే ఊపిరి.

ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, ఆ తర్వాత ఎల్ఈడీ వచ్చింది. గాజు వంచేవాళ్ళు తగ్గిపోయారు. పాత బోర్డులు దిగిపోవడం ఎక్కువైంది. అప్పుడే వాటిని కాపాడాలన్న తపన ఉన్నవాళ్ళూ బయల్దేరారు. లాస్ వేగాస్‌లో 1996లో నియాన్ మ్యూజియం పెట్టారు. వాళ్ళ ఆవరణకు బోన్‌యార్డ్ అని పేరు. ఎముకల దొడ్డి అని. అక్కడ రెండొందలకు పైగా పాత బోర్డులు ఆరుబయట నిలబెట్టి ఉన్నాయి. 2007లో కూల్చేసిన స్టార్‌డస్ట్ హోటల్ అక్షరాలు అక్కడున్నాయి. 1955లో తెరిచిన మూలాన్ రూజ్ అక్షరాలున్నాయి. నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ ఒకే హాల్లోకి రానిచ్చిన మొట్టమొదటి లాస్ వేగాస్ జూదశాల అది. తెరిచిన కొన్ని నెలలకే మూతపడింది. ఆ చేతిరాత అక్షరాలను రూపొందించింది బెట్టీ విల్లిస్ అనే ఆవిడ. లాస్ వేగాస్ పొలిమేరలో 1959 నుంచి నిలబడి రమ్మని పిలిచే బోర్డు కూడా ఆవిడదే. మూలాన్ రూజ్ భవనం ఇప్పుడు లేదు, దాని చరిత్రను ఇవాళ కళ్ళతో చూడాలంటే ఆ అక్షరాలే దిక్కు.

బెర్లిన్‌లో 2005లో బార్బరా డెషాంట్, అన్యా షుల్జె అనే ఇద్దరు అక్షరాల మ్యూజియం మొదలుపెట్టారు. రంగురంగుల చేపలమ్మే దుకాణం బోర్డు వాళ్ళ సేకరణలో అందరికీ ప్రియమైనది. వాళ్ళు మొదటి నుంచీ ఒక నియమం పెట్టుకున్నారు: అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దుకాణం, ఎప్పుడు దించారు అన్నది రాసి ఉంచాలి. వార్సాలో 2012లో నియాన్ మ్యూజియం వచ్చింది. సిన్సినాటీలో బోర్డుల మ్యూజియం ఉంది. ఇలాంటిచోట్ల పనిచేసేవాళ్ళు కొందరు మొత్తం బోర్డునే కాపాడాలంటారు. అక్షరాలు విడదీస్తే దుకాణం పేరు పోతుంది, పేరు పోతే చరిత్ర పోతుంది అంటారు.

వాళ్ళ మాటలో నిజం ఉంది. పియర్సన్‌లాంటివాళ్ళ శిల్పాలకు పేరొచ్చాక ఇళ్ళలో గోడకు ఒక పాత అక్షరం తగిలించుకోవడం ఫ్యాషనైంది. పాతవస్తువుల కొట్లు బోర్డులను చీల్చి అక్షరాలు విడివిడిగా అమ్మసాగాయి, ఎందుకంటే బోర్డు మొత్తానికి వచ్చే డబ్బు కంటే అక్షరాలకు విడిగా వచ్చేది ఎక్కువ. చక్కగా ఉన్న బోర్డును ఇలా చీల్చడం నాకు బాధగా ఉంటుంది. అది మళ్ళీ వ్యాపారమే. నకిలీ తుప్పు పట్టించి అమ్మే కొత్త అక్షరాల సంగతైతే చెప్పనక్కర్లేదు. వాటికి తుప్పు ఉంటుంది, బతుకు ఉండదు. నా తీర్పు ఒక్కటే: బోర్డు నిలబడగలిగితే నిలబెట్టాలి. ఎలాగూ విడిపోయి, సగం పోయి, మిగిలిన సగం తుక్కులో పడి ఉన్నప్పుడు మాత్రమే దాన్ని కళాకారుడి చేతికి ఇవ్వాలి. పేరు పోగొట్టుకున్న అక్షరానికి కొత్త మాట ఇవ్వడం పుణ్యం. పేరున్న అక్షరం నుంచి పేరు లాక్కోవడం పుణ్యం కాదు.

పియర్సన్ కూడా తర్వాత్తర్వాత మాట లేని శిల్పాలు చేశాడు. అక్షరాలు తిరగేసి, ఒకదాని మీద ఒకటి ఆనించి, ఏ మాటా రాకుండా. నాకు మాటలున్నవే ఇష్టం. పాత అక్షరం దాని పని అది చేస్తేనే నిండుగా ఉంటుంది.

ఇదంతా చదువుతూ మన అక్షరాలతో ఇలాంటి పని చేయవచ్చా అని అడుగుతారు. నేనూ అదే అడుగుతూ వచ్చాను. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్లు పరుచుకున్న ఒకతని దగ్గర, కుళాయిలకూ గొలుసులకూ మధ్యలో ఎర్ర అక్రిలిక్ అక్షరం ఒకటి కనబడింది. రెండు జానల ఎత్తుంటుంది. 'మె'. మెడికల్ షాపు బోర్డుది అయ్యుంటుంది. వెనక్కి తిప్పి చూశాను. సిలికాన్ గమ్ము ఎండి బూడిదరంగు బొబ్బల్లా అంటుకుని ఉంది. ఎల్ఈడీ పట్టీ పీకేసిన జాడ, తెగిన తీగ కొస. ఒక మూల మార్కరుతో 1 అని అంకె, బిగించేవాడికి వరస తెలియడానికి వేసింది. ఎత్వం మలుపు తిరిగే సందులో కందిరీగ కట్టిన మట్టిగూడు, ఖాళీది.

"మిగతా అక్షరాలు లేవా?"

"ఇర్గినయి సార్, పారేసిన. గిది ఒక్కటే మంచిగున్నది. ఒక్క అక్షరంతోటి ఏం జేస్తరు?"

అతనడిగింది మంచి ప్రశ్న. ఇంగ్లీషు ఎం అయితే ఏ మాటలోనైనా పెట్టొచ్చు, తలకిందులు చేస్తే డబ్ల్యూ కూడా అవుతుంది. మన 'మె' తన ఎత్వాన్ని వెంటపెట్టుకునే పుట్టింది. అది 'మ' కాలేదు, 'మా' కాలేదు. మెతుకు, మెరుపు, మెలకువ, మెట్ట, మెడ - దానికి చోటున్న మాటలు ఇవీ ఇలాంటివీ. అచ్చుకూర్పు చేసిన పాత తరం కంపోజిటర్లకు ఈ సంగతి చేతివేళ్ళతో తెలుసు. ఇంగ్లీషు కేసు ముందు నిలబడ్డవాడి కంటే తెలుగు కేసు ముందు నిలబడ్డవాడు ఎన్నో రెట్లు ఎక్కువ గడుల్లో చెయ్యి పెట్టాలి. గుణింతాలకు గుణింతాలు, ఒత్తులకు ఒత్తులు. కాబట్టి మన పాత బోర్డులతో మాట కూర్చాలనుకునేవాడికి అక్షరం దొరికితే చాలదు, ఆ గుణింతమే దొరకాలి. దొరికిన అక్షరమే ఏ మాట రాయాలో కొంతవరకు నిర్ణయిస్తుంది. రంపం పెట్టి ఎత్వం కోసేయొచ్చు కదా అంటే, కోయొచ్చు. కానీ అలా కోసిన అక్షరం తన పాత బతుకును పోగొట్టుకుంటుంది. ఆ మందుల దుకాణం మొదటి అక్షరానికి మెలకువ అనే మాటలో చోటిస్తే? అర్ధరాత్రి దాకా వెలిగిన అక్షరం అది. నేను దాన్ని కొనుక్కుని తెచ్చుకున్నాను. మిగతా అక్షరాల కోసం వెతుకుతున్నాను.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. మన బోర్డుల్లో ఎక్కువ భాగం చేత్తో రాసినవి. పెయింటరు రేకు మీద నేరుగా రాసేవాడు. సుద్దదారంతో గీత కొట్టి, తలకట్టుల వరస చూసుకుని, వెంట్రుకంత నీడ కూడా వేసి. అక్షరం రేకులో భాగం. దాన్ని ఊడదీయలేం. బోర్డు పోతే అక్షరమూ పోతుంది. ఫ్లెక్సీ వచ్చాక ఆ చెయ్యి కూడా పోయింది. ఫ్లెక్సీ చిరిగిపోతే మిగిలేది ప్లాస్టిక్ గుడ్డ. దాన్ని పశువుల కొట్టం మీదా, చెప్పుల దుకాణం నేల మీదా పరుస్తారు. దాని మీద నవ్వుతున్న ముఖం మీద వాన పడుతుంది.

ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అనే డిజైనర్ ఈ సంగతి ముందుగా గ్రహించాడు. వీధి పెయింటర్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ చేత అక్షరాలన్నీ రాయించి, ఆ చేతిరాతలను కంప్యూటరు ఫాంట్లుగా మలిచాడు. పెయింటరు పేరే ఫాంటు పేరు. హ్యాండ్‌పెయింటెడ్ టైప్ అని ఆ పనికి పేరు పెట్టాడు. ఆయన స్థాపకుల్లో ఒకడైన స్టార్ట్ ఇండియా సంస్థ 2016లో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఎం.ఎస్. మక్తా బస్తీ గోడలను బొమ్మలతో నింపింది. ఖురేషీ 2024లో, నలభై రెండేళ్ళు కూడా నిండకుండా కన్నుమూశాడు. తెలుగులో బాపు చేతిరాత ఫాంటుగా ఉండటం మన భాగ్యం. కానీ మన ఊళ్ళ పెయింటర్లలో అంత చక్కగా రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ అక్షరాలు ఎవరి కంప్యూటర్లోనూ లేవు.

ఊడదీయగల తెలుగు అక్షరాలు మనకు అసలే లేవని కాదు. పాత మేడల పిట్టగోడల మీద సున్నంతోనో సిమెంటుతోనో పోసిన అక్షరాలు చూడండి. ఇంటి పేరు, దాని కింద కట్టిన సంవత్సరం. పక్కన రెండు నెమళ్ళో, రెండు సింహాలో. కాగితం మీద ఎవరో రాసిచ్చిన అక్షరాన్ని మేస్త్రి తన తాపీతో పోతపోశాడు. అందుకే అందులో ఏ పుస్తకంలోనూ లేని వంపులుంటాయి. 'శ్రీ' క్రారవడి మరీ పొడుగ్గా సాగుతుంది, సున్నా మరీ గుండ్రంగా ఉంటుంది. సినిమాహాళ్ళ పేర్లూ అలాగే పోతపోసినవి చాలా ఉన్నాయి. టికెట్ల కిటికీ దగ్గర తగిలించే హౌస్‌ఫుల్ బోర్డు ఉండేది, దాన్ని చూసి ఉసూరుమని ఇంటికి నడిచిన తరానికి దాని రంగు కూడా గుర్తుంటుంది. హాలు కొట్టేసి ఫంక్షన్ హాలో, మాలో కడుతున్నప్పుడు జేసీబీ ముందుగా తగిలేది ఆ పేరుకే. అప్పటిదాకా ఊరంతా దారి చెప్పుకోవడానికి వాడుకున్న పేరు అది. హాలు పోయాక పదేళ్ళకు కూడా ఆటో ఎక్కితే ఆ పేరే చెబుతాం.

ఈ అక్షరాలతో పియర్సన్ చేసిన పని చేయగలిగిన పిల్లలు మనకున్నారు. హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళలు చదువుతున్నవాళ్ళలో ఎవరో ఒకరు పాత ఇనుప కొట్ల చుట్టూ తిరగాలి. ఒక గోడ మీద ఒక్క తెలుగు మాట చాలు. పోపుల అంగడి 'పో' పక్కన కుర్చీల షాపు 'కు', అంతే. వెళ్ళిపోతున్నవాళ్ళను ఆపడానికి మన వీధులు వదిలిపెట్టిన అక్షరాలకు మించినవి ఏముంటాయి?

అంతవరకు మీరూ నేనూ చేయగలిగింది ఒకటుంది. మీ వీధిలో ఏ పాత దుకాణమో, హాలో, హోటలో ఎత్తేస్తున్నారని తెలిస్తే, బోర్డు దిగకముందే వెళ్ళి ఒక ఫొటో తీయండి. ఎవరు రాశారో, ఎప్పుడు పెట్టారో యజమానిని అడిగి వెనక రాసిపెట్టండి. పిట్టగోడ కొడుతుంటే ఆ మేస్త్రిని అడగండి, పేరున్న ముక్కను పగలకుండా ఒక్క పూట శ్రమపడి దించుతాడు. దాన్ని ఊరి గ్రంథాలయానికో, మీరు చదువుకున్న బడికో ఇవ్వండి. తూకానికి వేస్తే వచ్చే డబ్బు ఆ పూట టీ ఖర్చుకు కూడా సరిపోదు.